సెడోనా రిసార్ట్ హైకింగ్‌లో అమ్మ జారి పడింది, ముందే పేపర్ మీద సంతకం పెట్టేశాం, ఇక ఏమీ అడగలేమా?

ప్రశ్న: సర్, మేం అరిజోనాలో చాండ్లర్‌లో ఉంటాం, నేను హెచ్1బి మీద పని చేస్తున్నా. అమ్మానాన్న తెనాలి నుంచి బి-2 వీసా మీద వచ్చారు. మార్చిలో పిల్లల స్ప్రింగ్ బ్రేక్‌కి సెడోనాలో ఒక రిసార్ట్‌లో మూడు రాత్రుల ప్యాకేజీ తీసుకున్నాం, స్పా, యోగా, గైడ్‌తో సూర్యోదయం హైక్ అన్నీ కలిపి. హైక్ ఈజీ, ఏ వయసు వాళ్ళైనా రావచ్చు అని వాళ్ళ పేజీలోనే ఉంది. ముందు రోజు రాత్రి రిసెప్షన్‌లో ట్యాబ్ ఇచ్చి సంతకాలు పెట్టమంటే అమ్మకి నాన్నకి కూడా నేనే పెట్టేశా, చదవలేదు. తీరా తీసుకెళ్ళింది కెథీడ్రల్ రాక్‌కి. దిగేటప్పుడు అమ్మ (63) భయమేస్తోంది కాసేపు కూర్చుంటా అంటే గైడ్ ఏం కాదు రండి రండి అని తొందరపెట్టాడు, జారి పడి చీలమండ దగ్గర రెండు ఎముకలు విరిగాయి. ఫైర్ వాళ్ళు వచ్చి కిందికి దింపారు, ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఆపరేషన్ చేసి ప్లేట్లు వేశారు. విజిటర్ ఇన్సూరెన్స్ ఫిక్స్‌డ్ బెనిఫిట్ రకం, అంటే ఒక్కో ఖర్చుకి ముందే అనుకున్నంతే ఇచ్చేది, బిల్లులో కొంచెమే కట్టింది. ఇప్పుడు రిసార్ట్ మేనేజర్ ప్యాకేజీ డబ్బులు 2,400 డాలర్లు వాపస్ ఇస్తాం, ఒక లెటర్ మీద అమ్మగారి సంతకం కావాలి అంటున్నాడు. నాన్నేమో పరాయి దేశంలో కోర్టు గొడవలొద్దు, నీ వీసాకి దెబ్బ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ లెటర్ సంగతి. దాని మీద మీరు గానీ నాన్నగారు గానీ సంతకం పెట్టకండి, అమ్మగారి చేత అసలే పెట్టించకండి. అలాంటి లెటర్లలో కింద ఎక్కడో "ఈ ఘటనకి సంబంధించిన అన్ని క్లెయిములూ ఇంతటితో వదులుకుంటున్నాను" అని ఒక లైను ఉంటుంది, అంటే 2,400 డాలర్లకి అమ్మగారి క్లెయిమ్ మొత్తం వాళ్ళు కొనేసుకుంటున్నారన్నమాట, ఆపరేషన్ బిల్లు, ఇంటికెళ్ళాక ఫిజియోథెరపీ, రేపు ఆ ప్లేట్లు తీయాల్సి వస్తే ఆ ఖర్చు, ఆవిడ పడ్డ నొప్పి అన్నీ అందులోనే పోతాయి. ఏ షరతూ లేకుండా రిఫండ్ ఇస్తామంటే ఈమెయిల్‌లో రాయించుకుని తీసుకోండి, తప్పులేదు. ఇంకోటి, రిసార్ట్ ఇన్సూరెన్స్ కంపెనీ వాళ్ళు ఫోన్ చేసి "ఏం జరిగిందో రికార్డింగ్‌లో చెప్పండి, ఫార్మాలిటీ" అంటారు, మర్యాదగా లాయర్‌తో మాట్లాడి చెప్తాం అనేసి పెట్టేయండి.

ఇక ట్యాబ్ మీద పెట్టిన సంతకం. అది వేవర్, అంటే దెబ్బ తగిలినా మిమ్మల్ని ఏమీ అడగం అని ముందే రాసిచ్చే కాగితం. నా దగ్గరికి వచ్చే మనవాళ్ళలో చాలామంది ఇక్కడే ఆగిపోతారు, వేవర్ మీద సంతకం పెట్టాం కదండీ ఇంకేముంది అని దిగులుగా లేచి వెళ్ళిపోతారు, అది చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది. వేరే రాష్ట్రాల్లో చాలా చోట్ల ఆ భయంలో అర్థం ఉంది, వేవర్ చూసి జడ్జి కేసు మొదట్లోనే కొట్టేయొచ్చు. కానీ అరిజోనా వేరు. ఇక్కడ రాష్ట్ర రాజ్యాంగంలోనే, 18వ ఆర్టికల్ 5వ సెక్షన్లో, దెబ్బ తగిలిన మనిషి తెలిసే ఆ రిస్క్ తీసుకున్నాడు అనే వాదన ఎప్పుడొచ్చినా అది జూరీయే (కేసు వినే మామూలు పౌరుల బృందం) తేల్చాలి అని రాసిపెట్టారు. 1912లో రాష్ట్రం ఏర్పడినప్పటి మాట అది, గనుల్లో, రైల్వేల్లో పనిచేస్తూ కాళ్ళూ చేతులూ పోగొట్టుకునే కూలీలని దృష్టిలో పెట్టుకుని రాసుకున్న రాజ్యాంగం. 2005లో ఫెల్ప్స్ వర్సెస్ ఫైర్‌బర్డ్ రేస్‌వే అనే కేసులో, రేస్ ట్రాక్ మీద గాయపడిన డ్రైవర్ ముందే వేవర్ రాసిచ్చినా సరే, ఆ కాగితం చూపించి జడ్జి ఒక్కడే కేసు మూసేయడానికి లేదు, అది కూడా జూరీ ముందుకి వెళ్ళాల్సిందే అని అరిజోనా సుప్రీం కోర్టు తేల్చింది. కాబట్టి వేవర్ వల్ల మీ తలుపు మూసుకుపోలేదు. జూరీ ఆ కాగితం చూస్తుంది, దానికి విలువ ఇవ్వనూవచ్చు, అది మనం గుర్తుపెట్టుకోవాలి. ఆ వేవర్ కాపీ మాత్రం వెంటనే ఈమెయిల్ పెట్టి అడగండి, ఎందుకంటే కోర్టుకి కాకుండా ఆర్బిట్రేషన్‌కి (కోర్టు బయట మధ్యవర్తి తీర్పుకి) వెళ్ళాలనో, వేరే రాష్ట్రంలో కేసు వేయాలనో ఒక క్లాజు దాంట్లో ఉండి ఉంటే అప్పుడు దారి మారుతుంది.

పైగా ఆ సంతకం అమ్మగారిది కాదు కదా. ఆవిడ మేజర్, మీకు ఏ పవరాఫ్ అటార్నీ ఇవ్వలేదు, ట్యాబ్ మీద ఉన్న ఇంగ్లీషు ఆవిడ చదవలేదు, ఎవరూ చదివి వినిపించలేదు. కొడుకు సంతకం తల్లిని కట్టేయాలంటే తల్లి అనుమతి ఉన్నట్టు వాళ్ళు చూపించాలి. ఆవిడ పక్కనే నిలబడి చూస్తూ ఊరుకుంది అని వాళ్ళు వాదిస్తారు, వాదించనివ్వండి. మీరు మాత్రం "అమ్మ పెట్టమంది" అని ఎక్కడా రాయకండి, నిజంగా జరిగింది జరిగినట్టే రాయండి. రిసెప్షన్లో ఎవరు ట్యాబ్ ఇచ్చారు, ఏమన్నారు, ఎంతసేపు పట్టింది, అమ్మగారు అప్పుడు ఎక్కడున్నారు, ఇవన్నీ గుర్తున్నప్పుడే ఒక కాగితం మీద తేదీ వేసి రాసుకోండి.

ఎవరి మీద అడగాలి అనేది ఇంకో చిక్కు. కెథీడ్రల్ రాక్ రిసార్ట్ వాళ్ళది కాదు, కొకొనీనో నేషనల్ ఫారెస్ట్‌లోది, ఫారెస్ట్ సర్వీస్ అంటే ఫెడరల్ గవర్నమెంట్. వాళ్ళ మీదికి వెళ్ళడం దాదాపు దండగ, ఎందుకంటే అరిజోనాలో రిక్రియేషన్ కోసం మన భూమిలోకి వచ్చినవాళ్ళు పడిపోతే, యజమాని కావాలనో మరీ దారుణమైన నిర్లక్ష్యంతోనో చేస్తే తప్ప బాధ్యత లేదని చట్టం ఉంది, మీరు పార్కింగ్‌కి కట్టే 5 డాలర్ల రెడ్ రాక్ పాస్ లాంటి నామమాత్రపు ఫీజు వల్ల అది మారదు. కొండ మీద రాయి జారుడుగా ఉంది అని కొండ యజమానిని అడగలేం కదా. కానీ ఆ చట్టం కాపాడేది భూమి యజమానిని, దాన్ని చూసుకునే వాళ్ళని. రిసార్ట్ వాళ్ళు ఆ కొండకి యజమానులు కారు, డబ్బు తీసుకుని గైడ్‌ని ఇచ్చి మిమ్మల్ని తీసుకెళ్ళిన వ్యాపారం వాళ్ళది, ఆ గైడ్ ఎలా ప్రవర్తించాడు అన్నదే మీ కేసు. నేషనల్ ఫారెస్ట్‌లో డబ్బు తీసుకుని గైడింగ్ చేయాలంటే ఫారెస్ట్ సర్వీస్ నుంచి స్పెషల్ యూజ్ పర్మిట్ ఉండాలి, దానికి లయబిలిటీ ఇన్సూరెన్స్ కూడా అడుగుతారు. ఆ పర్మిట్ రిసార్ట్ పేరు మీద ఉందా, బయటి గైడింగ్ కంపెనీ పేరు మీద ఉందా, అసలు ఉందా లేదా, ఇది ఇక్కడి సమాచార చట్టం (ఎఫ్ఓఐఏ) కింద ఫారెస్ట్ సర్వీస్‌ని అడగొచ్చు, నేనైతే మొదటి వారంలో చేసే పని అదే.

మీ కేసులో బలం నాకు మూడు చోట్ల కనిపిస్తోంది. ఈజీ అని అమ్మారు. అక్కడ ట్రెయిల్ ఒక వైపు మైలు కూడా ఉండదు, దూరం చూస్తే ఈజీయే అనిపిస్తుంది, కానీ ఆ కొంచెం దూరంలోనే దాదాపు 700 అడుగుల ఎత్తు ఎక్కాలి, చేతులు కూడా ఆనించి పాకాల్సిన చోట్లున్నాయి, 63 ఏళ్ళావిడకి అది ఈజీ అని ఎవరూ అనరు. రెండోది రాయి. సెడోనా రాళ్ళు ఎర్రగా ఉండేది ఇనుము తుప్పు వల్లే, ఇసుకరాయి అది, పైన సన్నటి రేణువులు రాలుతుంటాయి, ఎక్కేటప్పుడు తెలీదు గానీ దిగేటప్పుడు రాగులు పోసిన గచ్చు మీద కాలేసినట్టుంటుంది, నాకూ ఒకసారి అనుభవమైంది. మీకూ నాకూ తెలియకపోవచ్చు, రోజూ జనాన్ని తీసుకెళ్ళే గైడ్‌కి తెలిసి తీరాలి. మూడోది అన్నిటికంటే పెద్దది, ఆవిడ భయమేస్తోంది ఆగుతా అంటే తొందరపెట్టడం. ఆ మాట విన్న వేరే గెస్టులు ఎవరైనా ఉంటే వాళ్ళ ఫోన్ నంబర్ ఇప్పుడే సంపాదించండి, నెలలు గడిస్తే మనుషులు దొరకరు, దొరికినా గుర్తుండదు.

బలహీనత కూడా చెప్పాలి. కొండ ఎక్కితే జారే ప్రమాదం ఉంటుందని ఎవరికైనా తెలుసు అంటారు, అక్కడి జూరీలో ఆ కొండలు ఎక్కి దిగినవాళ్ళే ఉంటారు, వాళ్ళకి ఆ మాట నచ్చొచ్చు కూడా. అమ్మగారు ఏ చెప్పులు, ఏ షూస్ వేసుకున్నారని అడుగుతారు (ఆ షూస్ పారేయకండి, కడగకండి, కవర్లో పెట్టి దాచండి). మీరు నాకు రాసిన పెద్ద ఉత్తరంలో అమ్మ అలిపిరి మెట్లు మూడుసార్లు ఎక్కింది, ఆవిడకి నడక అలవాటే అని గర్వంగా రాశారు, నాకు ముచ్చటేసింది, కానీ ఆ మాట గైడ్‌కి కూడా చెప్పి ఉంటే అవతలి లాయరు దాన్నే పట్టుకుంటాడు. దానికి జవాబు ఉంది, 3,550 మెట్లయినా అవి మెట్లే, పక్కన గోడ ఉంటుంది, పైన నీడ ఉంటుంది, ఏటవాలు బండ మీద దిగడం వేరు. ఒకవేళ జూరీ అమ్మగారిది కూడా కొంత తప్పుందని అన్నా కేసు పోదు, ఈ రాష్ట్రంలో ఎవరి తప్పు ఎంత శాతమో లెక్కేసి అంత తగ్గిస్తారు. నష్టం 60,000 డాలర్లని తేలి, ఆవిడ తప్పు 40 శాతం అంటే 36,000 వస్తుంది.

గడువు మర్చిపోవద్దు. రిసార్ట్ లాంటి ప్రైవేట్ వాళ్ళ మీద గాయాల కేసుకి అరిజోనాలో రెండేళ్ళు. ఫెడరల్ గవర్నమెంట్ మీదైతే ముందు స్టాండర్డ్ ఫామ్ 95 మీద క్లెయిమ్ పెట్టాలి, దానికీ రెండేళ్ళే. అదే పడింది సెడోనా సిటీ నడిపే షటిల్ బస్సులోనో, స్లైడ్ రాక్ స్టేట్ పార్క్‌లోనో అయితే రాష్ట్రం, సిటీ, కౌంటీల మీద నోటీసు 180 రోజుల్లోపే ఇచ్చేయాలి, కేసు ఏడాదిలోపే వేయాలి, ఇది తెలీక మంచి కేసులు పోగొట్టుకున్నవాళ్ళని చూశాను. మీది రెండేళ్ళ లెక్కే, అయినా చివరిదాకా ఆగకండి. రిసార్ట్‌కి ఇప్పుడే ఒక ఈమెయిల్ పెట్టండి, ఆ రోజు ఇన్సిడెంట్ రిపోర్ట్, గైడ్ మెసేజులు, హైక్ గురించిన ఆ పేజీ, కెమెరా రికార్డింగులు ఏవీ చెరపకుండా భద్రపరచమని. ఆ పేజీ వాళ్ళు మార్చేలోపు మీరూ స్క్రీన్‌షాట్ తీసుకోండి. ఫైర్ వాళ్ళ రిపోర్ట్ కూడా అడిగి తెచ్చుకోవచ్చు, వైద్యం వివరాలున్న భాగానికి అమ్మగారి సంతకం కావాలి. కొండ మీద నుంచి దింపినందుకు ఇక్కడ సాధారణంగా బిల్లు వేయరు గానీ అంబులెన్స్ బిల్లు వస్తుంది.

బిల్లుల గురించి మీరు ఎక్కువ కంగారు పడుతున్నట్టున్నారు. హాస్పిటల్లో మీరు గ్యారంటర్‌గా, అంటే బిల్లుకి నాదీ పూచీ అని, సంతకం పెట్టారేమో చూసుకోండి, పెట్టకపోతే తల్లి బిల్లుకి మేజరైన కొడుకు సాధారణంగా బాధ్యుడు కాడు. నాన్ ప్రాఫిట్ హాస్పిటల్ అయితే ఫైనాన్షియల్ అసిస్టెన్స్ పాలసీ ఉండి తీరాలి, డిశ్చార్జ్ తర్వాత మొదటి బిల్లు వచ్చిన రోజు నుంచి 240 రోజుల దాకా అప్లై చేయొచ్చు, విజిటర్లకి వర్తిస్తుందా లేదా అనేది వాళ్ళ పాలసీ కాగితం తీసి చూపించమనండి, కౌంటర్లో నోటి మాట నమ్మి వచ్చేయకండి. రేపు రిసార్ట్ నుంచి డబ్బు వస్తే అందులోంచి హాస్పిటల్ తన వాటా పట్టుకునే లీన్ హక్కు కూడా ఇక్కడ ఉంది, సెటిల్‌మెంట్ మాట్లాడేటప్పుడే లాయరు చేత దాన్ని బేరమాడించాలి, లేకపోతే చేతికి వచ్చేది చాలా తగ్గిపోతుంది. తెనాలి వెళ్ళాక అయ్యే ఫిజియోథెరపీ, ఎక్స్‌రేలు, డాక్టర్ ఫీజులు, ఆటో ఖర్చులతో సహా రసీదులు దాచండి, అవీ నష్టంలోకే వస్తాయి.

నాన్నగారి భయానికి వద్దాం. పెద్దవాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది, కోర్టంటే ఇంటి పరువు, కొడుకు ఉద్యోగం అన్నీ ఒకేసారి గుర్తొస్తాయి. ఆయనకి నా మాటగా చెప్పండి, దెబ్బ తగిలిన మనిషి నష్టపరిహారం అడగడం సివిల్ విషయం, దానివల్ల మీ హెచ్1బి పోదు, అమ్మగారి బి-2 రద్దు కాదు, విజిటర్ వీసా మీద వచ్చినవాళ్ళకి కూడా ఇక్కడి కోర్టులో కేసు వేసే హక్కు ఉంది. ఆవిడ ఇండియా వెళ్ళిపోయినా కేసు నడుస్తుంది, వాంగ్మూలం చాలావరకు వీడియోలో ఇవ్వొచ్చు, తెలుగు దుబాసీని పెట్టించుకోవచ్చు, ట్రయల్ దాకా వెళితే మాత్రం రావాల్సి రావచ్చు. అమ్మగారి వీసాకి రేపు ఇబ్బంది తెచ్చిపెట్టగలిగేది వేరే ఉంది, బిల్లు కట్టకుండా, హాస్పిటల్‌తో మాట్లాడకుండా విమానం ఎక్కేయడం. వాయిదాలు ఒప్పుకున్న కాగితం, కట్టిన రసీదులు దగ్గర పెట్టుకోండి, రేపు కాన్సులేట్‌లో ఎవరైనా అడిగితే చూపించడానికి ఉంటాయి.

లాయరు ఫీజు గురించి అడగలేదు గానీ అడగాలని ఉందని తెలుసు. ఇలాంటి కేసులు ఎక్కువగా కంటింజెన్సీ మీద తీసుకుంటారు, గెలిస్తేనే ఫీజు, వచ్చినదాంట్లో శాతం. శాతం ఎంత, ఓడిపోతే కోర్టు ఖర్చులు, ఎక్స్‌పర్ట్‌ల ఖర్చులు ఎవరివి అన్నది రాతపూర్వకంగా చూసుకుని అప్పుడు సంతకం పెట్టండి, ఈసారి చదివి.

చివరిగా అమ్మగారి ఐ-94 తేదీ, అంటే ఆవిడ ఈ దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో ఆ తేదీ, ఈ రాత్రే తీసి చూడండి. కాలు మీద బరువు పెట్టకూడదు, ప్రయాణం చేయకూడదు అని సర్జన్ అంటే ఆ తేదీ దాటకముందే ఐ-539 ఫామ్ మీద స్టే పొడిగింపు అడగాలి, డాక్టర్ లెటర్ జతచేసి, ఖర్చులు ఎవరు భరిస్తారో చూపించి. ఆ లెటర్‌లో ఎన్ని వారాలు ప్రయాణం కుదరదో స్పష్టంగా రాయమనండి, "విశ్రాంతి అవసరం" అని ఒక్క ముక్క రాసిస్తే సరిపోదు.