బరంపురంలో ఉండి ఫైబర్‌గ్లాస్ హై పవర్ రాకెట్ చెయ్యొచ్చా?

బరంపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నానని, ఫైబర్‌గ్లాస్ రాకెట్ ఇంట్లోనే చేసి గోపాల్‌పూర్ బీచ్‌లో ఎగరెయ్యాలని ఉందని అడిగారు. చెయ్యడం కుదురుతుంది. బీచ్ సంగతి మాత్రం మర్చిపోండి. పక్కనే గోలాబంధలో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది. ఆకాశంలో కనబడినదాన్ని కూల్చడం నేర్పే చోటు అది! అది లేకపోయినా, రాకెట్‌ని తోసే మోటారులోని మందుకు, అంటే ఇంధనానికి, పేలుడు పదార్థాల చట్టం వర్తిస్తుంది. లైసెన్సు లేకుండా తయారుచేసినా, దాచినా కేసే. వంటింట్లో మందు కలిపే వీడియోల జోలికి అసలు పోకండి, చేతులు పోతాయి. ఎగరెయ్యాలంటే కాలేజీలో జట్టు కట్టి, కేంద్ర ప్రభుత్వ అంతరిక్ష సంస్థ ఇన్‌స్పేస్ విద్యార్థులకు పెట్టే మోడల్ రాకెట్ పోటీకి వెళ్లడం మంచి దారి.

మాదీ బరంపురమే. టెక్సాస్‌లో ఎమ్మెస్ చేస్తుండగా నాకు ఈ పిచ్చి పట్టుకుంది. మోటార్లకి శక్తిని బట్టి ఇంగ్లీషు అక్షరాల తరగతులుంటాయి, అక్కడ హై పవర్ కిందికొచ్చే హెచ్, ఐ తరగతి మోటార్లు వాడాలంటే లెవెల్ 1 సర్టిఫికెట్ ఉండాలి. అక్షరం మారినప్పుడల్లా మోటారు ఇచ్చే మొత్తం తోపు (బలం, అది పనిచేసే సమయం కలిపి లెక్క) పరిమితి రెట్టింపవుతుంది: హెచ్ 320 న్యూటన్ సెకన్ల వరకు, ఐ 640 వరకు. రెడీమేడ్ ఫైబర్ గొట్టం కొనడానికి డబ్బుల్లేక, మే నెల సెలవుల్లో ఇంటికొచ్చి గోపాల్‌పూర్‌లో ఫైబర్ బోట్లు బాగుచేసే మన తెలుగు మేస్త్రీ ఒకాయన దగ్గర చేరాను.

75 మిల్లీమీటర్ల పీవీసీ పైపు మీద ఫైబర్‌గ్లాస్ గుడ్డ చుట్టి, దాన్ని గట్టిపరిచే జిగురు, అంటే రెజిన్, పట్టించడం మా పద్ధతి. మొదటిసారి రెజిన్ ధారాళంగా పోశాను. గట్టిగా వస్తుందని నా లెక్క. మేస్త్రీ చూసి, "గుడ్డ తాగినంతే పొయ్యాలి బాబూ. మిగతాదంతా బరువే" అన్నాడు. ఆ మాట రాకెట్‌కి ఇంకా బాగా వర్తిస్తుంది. బలం గుడ్డ నూలులో ఉంటుంది, రెజిన్ దాన్ని పట్టి ఉంచేది మాత్రమే. చదరపు మీటరుకు 200 గ్రాములుండే గుడ్డ, మీటరు పొడవు గొట్టానికి ఐదు చుట్లు తిప్పితే దాదాపు 240 గ్రాములు పడుతుంది. రెజిన్ కూడా అటూఇటుగా అంతే ఉండాలి. నేను దానికి రెట్టింపు పోశాను.

పైగా ఆ గొట్టం పైపు నుంచి ఊడి రాలేదు. మైనం రాసి, మధ్యలో ప్లాస్టిక్ షీటు చుట్టాలని నాకు తోచలేదు. చేపలకి తెచ్చిన ఐసు కాస్త అడిగి తెచ్చి పైపు నిండా ఐసు నీళ్లు పోశాం. పీవీసీ ఫైబర్ కంటే ఎక్కువ ముడుచుకుంటుంది కాబట్టి పావుగంటకి టక్కుమని వదిలింది. బరువెక్కువని ఆ గొట్టాన్ని చివరికి పక్కన పడేసి ఇంకోటి చుట్టాను, అది వేరే సంగతి.

బోట్లకి వాడే పాలియెస్టర్ రెజిన్ చవకే కానీ, ఎండాక ముడుచుకుంటుంది, పాత అతుకు మీద సరిగ్గా పట్టదు. రాకెట్‌కి ఎపాక్సీ రెజినే తీసుకోండి. రెజిన్‌నీ, దాన్ని గట్టిపరిచే హార్డనర్‌నీ ఒకేసారి కప్పు నిండా కలపొద్దు, కలిపినది వేడెక్కిపోతుంది. మే ఎండలో నా కప్పు పొగలు కక్కింది. సముద్రపు తేమకి ఎపాక్సీ పైన జిడ్డులాంటి పొర కడుతుంది. సబ్బునీళ్లతో కడిగి, ఆ తర్వాతే సాండ్‌పేపర్ పట్టండి, అదీ తడిపి. మాస్కు, ఫుల్ చేతుల చొక్కా తప్పనిసరి. నేను బనీనుతో కూర్చుని రుద్దాను, రెండు రోజులు దురదగొండి రాసుకున్నట్టే ఉంది.

రెక్కలకి ఎలక్ట్రికల్ పానెళ్లలో వాడే 3 మిల్లీమీటర్ల గ్లాస్ ఎపాక్సీ షీటు సరిపోతుంది. గొట్టానికి గాడి కోసి, రెక్క అడుగు అంచు లోపలున్న మోటారు గొట్టాన్ని తాకేలా దింపి అతికించాలి. ఇక్కడ మళ్లీ బోటు బుద్ధి చూపించి, మూలల్లో రెజిన్ దట్టించాను. ఆ బరువంతా తోకకే చేరింది. రాకెట్ నిలకడగా పోవాలంటే గురుత్వ కేంద్రం, గాలి ఒత్తిడి కేంద్రం కంటే కనీసం ఒక గొట్టం వ్యాసమంత ముందుండాలి. ఓపెన్‌రాకెట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ లెక్క చేసిపెడుతుంది. నా రాకెట్‌లో గురుత్వ కేంద్రం వెనక్కి జారింది. మేస్త్రీ వలలకి కట్టే సీసపు గుండ్లు ఇస్తే, 120 గ్రాములు ముక్కులో వేసి ఎపాక్సీతో బిగించాను. తోకలో పొదుపు చేసుంటే ఆ సీసం అక్కర్లేదు.

ఆ రాకెట్ ముక్కల్ని సూట్‌కేసులో వేసుకెళ్లి, టెక్సాస్‌లో కోత అయిపోయిన పొలంలో ఐ మోటారుతో ఎగరేశాను. మోటారు కాక రెండున్నర కిలోలు. మోటారు తోసే బలం రాకెట్ బరువుకి ఐదు రెట్లైనా ఉండాలంటారు, నాది ఏడెనిమిది రెట్లుంది. దాదాపు 2,400 అడుగులు వెళ్లి, పారాచూట్‌తో చెక్కుచెదరకుండా దిగింది. సర్టిఫికెట్ వచ్చింది.

మరుసటి ఏడాది మేస్త్రీకి వీడియో చూపించాను. ఎత్తు గురించి ఒక్క మాట లేదు. పారాచూట్ తాళ్ల దగ్గర ఆపమని, "ఈ ముడి ఎవరేశారు? జారిపోద్ది" అన్నాడు. జేబులోంచి నైలాన్ దారం తీసి, వలకి వేసే ముడి నాతో పదిసార్లు వేయించాడు.