డాక్టర్ సలహా: పక్షవాతం వచ్చిన నాన్నగారు బ్యాటరీ వీల్‌చైర్ నడపవచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. రెండేళ్ల క్రితం పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి. పట్టుకుంటే నాలుగడుగులు వేస్తారు గానీ వీధిలోకి వెళ్లలేరు. మూడు నెలల క్రితం మా తమ్ముడు ఆన్‌లైన్‌లో బ్యాటరీ వీల్‌చైర్ కొని పంపాడు. కుడిచేత్తో హుషారుగానే నడుపుతున్నారు కానీ, ఎడమవైపు ద్వారబంధానికీ మంచం కోడుకీ పదేపదే తగిలించుకుంటున్నారు. మోచెయ్యి గీరుకుపోయింది. పోయిన వారం కుర్చీలోంచి మంచం మీదికి మారబోతుండగా కుర్చీ ఒక్కసారిగా కదలడంతో కింద పడిపోయారు. ఎముకలేవీ విరగలేదని ఎక్స్‌రేలో తేలింది. అమ్మ భయపడి చార్జర్ దాచేసింది. అప్పటి నుంచి ఆయన సరిగా తినడం లేదు. ఈ కుర్చీ వాడనివ్వవచ్చా? ఇంటి ముందున్న మూడు మెట్లకు ర్యాంప్ కట్టిద్దామనుకుంటున్నాం. దానికి ఏమైనా జాగ్రత్తలున్నాయా?
– ఒక పాఠకురాలు, కడప

జవాబు: ముందుగా ఆయన పడిపోయిన సంగతి చూద్దాం. ఎక్స్‌రే తీయించారు, మంచిదే. కానీ తలకు దెబ్బ తగిలిందో లేదో మీరు రాయలేదు. పక్షవాతం మళ్లీ రాకుండా చాలామంది ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటి రక్తాన్ని పలచబరిచే మందులు రోజూ వేసుకుంటుంటారు. అలాంటివారి తలకు చిన్న దెబ్బ తగిలినా పుర్రె లోపల రక్తం కొద్దికొద్దిగా చేరి, రెండు మూడు వారాల తర్వాత కూడా బయటపడవచ్చు. విడవని తలనొప్పి, వాంతులు, ఎన్నడూ లేనంత మగత, మాట తడబడటం, బాగున్న కుడి చెయ్యో కాలో పట్టు తప్పడం, వీటిలో ఏది కనిపించినా ఆలస్యం చేయకుండా సీటీ స్కాన్ ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. తిండి తగ్గిందని రాశారు. అది చార్జర్ దాచారన్న అలకే కావచ్చు. అయినా పగటిపూట కూడా మగతగా ఉంటున్నారేమో ఈ రోజే గమనించండి.

ఇక అసలు ప్రశ్నకు వస్తే, ఆయన ఆ కుర్చీ వాడవచ్చనే నేను అనుకుంటున్నాను, అయితే ఇప్పుడు వాడుతున్న పద్ధతిలో మాత్రం కాదు. రెండేళ్లుగా ఎవరో ఒకరు తోస్తే తప్ప గది దాటలేని మనిషికి తన ఇష్టప్రకారం వాకిట్లోకి వెళ్లి కూర్చునే వీలు దొరికింది. దాన్ని పూర్తిగా తీసేస్తే ఆయన మంచానికి పరిమితమైపోతారు, మంచాన పడితే వచ్చే పుండ్లు, ఊపిరితిత్తుల్లో నిమ్ము, దిగులు కుర్చీ ప్రమాదం కంటే తక్కువవేమీ కావు.

మీ ఉత్తరంలో నేను ఆగి మళ్లీ చదివిన మాట ‘ఎడమవైపు’. ఆయన కుడివైపు దేనికీ తగిలించుకోవడం లేదు, ఎడమవైపే తగిలించుకుంటున్నారు. మెదడు కుడిభాగం దెబ్బతింటే ఎడమ కాలుచేతులు పడిపోతాయని అందరికీ తెలుసు. కానీ మన చుట్టూ ఉన్న చోటు మీద ధ్యాస నిలిపే పనిలో కూడా ఆ కుడిభాగానికి పెద్ద పాత్ర ఉంది. అది దెబ్బతిన్నప్పుడు కొందరికి కంటిచూపు బాగానే ఉన్నా ఎడమ పక్కన ఉన్న వస్తువు మనసుకు ఆనదు. దీన్ని మేము నెగ్లెక్ట్ అంటాం. ఇది అజాగ్రత్త కాదు, మొండితనం అంతకన్నా కాదు. ‘చూసుకొని నడపరాదా’ అని ఇంట్లోవాళ్లు ఎంత కోప్పడినా ఫలితం ఉండదు, ఎందుకంటే ఎడమ పక్క ఒకటి తన లెక్కలోంచి జారిపోతోందన్న సంగతే ఆయనకు తెలియదు.

దీన్ని మీరు ఇంట్లోనే కొంత పసిగట్టవచ్చు. భోజనం అయ్యాక కంచం చూడండి. కుడివైపు అన్నం, కూర తినేసి ఎడమవైపున్నవి ముట్టకుండా ‘ఇంక చాలు’ అంటున్నారా, కంచాన్ని తిప్పి పెడితే మిగిలింది కూడా తింటున్నారా? తిండి తగ్గిందన్న మీ మాటకు ఇది కూడా ఒక కారణమై ఉండవచ్చు. గడ్డం గీసుకున్నాక ఎడమ చెంప మీద వెంట్రుకలు మిగిలిపోతున్నాయా? తెల్లకాగితం మీద జానెడు పొడవున అడ్డగీత గీసి, సరిగ్గా నడుమ గుర్తు పెట్టమని అడగండి. గుర్తు బాగా కుడికి జరిగి పడితే అనుమానించవలసిందే. కొందరికి ధ్యాస సరిగానే ఉన్నా రెండు కళ్లలోనూ ఎడమ సగం చూపు పోయి ఉంటుంది, దాన్ని కంటి డాక్టరు ఫీల్డ్ పరీక్షతో (చూపు పక్కలకు ఎంతవరకు అందుతోందో చూసే పరీక్ష) తేలుస్తారు. రెండూ కలిసి ఉన్నవారు కూడా ఉంటారు.

పక్షవాతం వచ్చి రెండేళ్లయింది కాబట్టి ఈ లోపం ఇక దానంతటదే పూర్తిగా పోతుందని ఎదురుచూడటం కంటే, దాన్ని దాటే అలవాటు నేర్పడమే మేలు. ప్రతి ద్వారబంధం ఎడమ నిలువుకమ్మికి, కూర్చున్న మనిషి కంటి ఎత్తులో, ముదురు ఎరుపు టేపు జానెడు వెడల్పున అతికించండి. ఆ ఎరుపు కనిపించేదాకా తల ఎడమకు తిప్పి, ‘కనిపించింది’ అని పైకి చెప్పిన తర్వాతే ద్వారం దాటాలన్నది ఆయనకు నియమం కావాలి. మొదటి వారాల్లో మీలో ఒకరు కుర్చీకి ఎడమ పక్కనే నడుస్తూ, ఆ పక్క నుంచే మాట్లాడండి. పడిపోయిన ఎడమ చెయ్యి ఒడిలోంచి జారి చక్రం పక్కకు వేలాడకుండా కుర్చీ ఎడమ చేతిపట్టీ (చెయ్యి ఆనించే భాగం) మీద అంచులున్న మెత్తటి దొప్పలాంటి ఆధారం అమర్చండి. ఎడమ పాదం దాన్ని ఆనించే పలక మీద నుంచి జారితే ముందు చక్రం కింద పడి కాలు విరిగే ప్రమాదం ఉంది, కాబట్టి మడమ వెనక పట్టీ తప్పనిసరి. నడుము బెల్టు పది అడుగుల దూరానికైనా పెట్టుకోవలసిందే. పంచె కుచ్చెళ్లు, తువ్వాలు చక్రాల వైపు వేలాడకూడదు.

ఇప్పుడు మంచం దగ్గర జరిగిన ప్రమాదం. నేను అక్కడ లేకపోయినా ఏం జరిగి ఉంటుందో ఊహించగలను, ఎందుకంటే ఈ కుర్చీలతో తరచూ జరిగే ప్రమాదం ఇదే. ఆయనకు పనిచేసే చెయ్యి కుడిది ఒక్కటే, కుర్చీని నడిపే చిన్న పిడి, అంటే జాయ్‌స్టిక్ కూడా కుడి చేతిపట్టీ చివరే ఉంది. లేవడానికి ఆయన ఊతం తీసుకునేది కూడా అదే చేతిపట్టీ మీద. స్విచ్ ఆఫ్ చేయకుండా లేవబోతే అరచెయ్యి గానీ, చొక్కా చేతి అంచు గానీ జాయ్‌స్టిక్‌ను నెట్టిన మరుక్షణం కుర్చీ కదులుతుంది. కాబట్టి కుర్చీ ఆగగానే ముందు స్విచ్ ఆఫ్ చేయాలి, దీపం ఆరిందని కళ్లతో చూసుకోవాలి. ఆ తర్వాత పాదాల పలకలు పైకి మడిచి, రెండు పాదాలూ నేల మీద ఆనించి, చివరగా బెల్టు విప్పాలి. పలకల మీద నిలబడితే కుర్చీ ముందుకు తిరగబడుతుంది. కుర్చీని మంచానికి కొంచెం ఏటవాలుగా, బాగున్న కుడి పక్క మంచం వైపు ఉండేలా ఆపాలి. మంచం ఎత్తు కుర్చీ సీటుతో సమానంగా ఉంటే సగం కష్టం తప్పుతుంది. నులక మంచమైతే నడుమ కుంగుతుంది కాబట్టి లేవడం కష్టమవుతుంది, గట్టి పరుపున్న చెక్క మంచం వేయండి.

మరో విషయం మీ అమ్మగారికి తప్పక చూపించండి. చాలా బ్యాటరీ కుర్చీలకు వెనక మోటార్ల దగ్గర చిన్న లివర్ ఉంటుంది. దాన్ని తిప్పితే మోటారు నుంచి చక్రాలు విడిపోయి కుర్చీని చేత్తో తోయవచ్చు, కానీ అప్పుడు బ్రేకు కూడా ఉండదు. ఇల్లు తుడిచేటప్పుడు కుర్చీని పక్కకు జరిపి, ఆ లివర్‌ను తిరిగి వేయడం మరిచిపోతుంటారు. రోజూ పొద్దున ఆయన కూర్చోకముందు, స్విచ్ ఆఫ్‌లో ఉంచి కుర్చీని వెనక నుంచి గట్టిగా తోసి చూడండి. కదిలితే లివర్ విడిగా ఉన్నట్టు, లేదా బ్రేకు చెడిపోయినట్టు.

ఈ కుర్చీలకు కాలి బ్రేకు ఉండదు, జాయ్‌స్టిక్ వదిలేస్తే అదే ఆగుతుంది. కంగారు పడ్డ మనిషి చెయ్యి వదలడు, ఇంకా బిగించి పట్టుకుంటాడు, కుర్చీ గోడ మీదికి పోతుంది. అందుకని వదలడమే మొదటి పాఠం కావాలి. వేగం అతి తక్కువలో పెట్టి, ఖాళీ వాకిట్లో నాలుగడుగులు పోనిచ్చి, మీరు ‘వదులు’ అనగానే వేళ్లు పూర్తిగా విప్పి చెయ్యి ఒడిలో పెట్టుకోమనండి. రోజుకు రెండుసార్లు, పావుగంట చొప్పున, రెండు వారాలు ఇదే చేయించండి. విసుగనిపించినా మానకండి.

ర్యాంప్ విషయంలో తాపీమేస్త్రి మాట మీద వదిలేయకండి. ఒక అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు ఉండాలన్నది నిర్మాణ నిబంధనల్లో ఉన్న లెక్క. మీ మూడు మెట్లు కలిపి అడుగున్నర ఎత్తు ఉంటే ర్యాంప్ పద్దెనిమిది అడుగులు రావాలి. అంత చోటు లేదని ఆరేడు అడుగుల్లో కట్టించిన ర్యాంప్ మీదే కుర్చీ వెనక్కి తిరగబడుతుంది. చోటు చాలకపోతే గోడ వెంబడి కట్టి, మలుపు దగ్గర ఐదడుగుల చదును ఉంచి తిప్పించండి. వెడల్పు మూడడుగులకు తగ్గకూడదు. రెండు అంచుల్లో బెత్తెడు ఎత్తు గట్టు ఉండాలి, ఎడమ గట్టుకు ఎరుపు రంగు వేయించండి. మన కడప బండలు చవకగా, నున్నగా, అందంగా ఉంటాయి కానీ, వాకిలి కడిగినప్పుడు గానీ వాన పడినప్పుడు గానీ వాటి మీద చక్రం జారుతుంది. ర్యాంప్‌కు పాలిష్ బండ వద్దు, అడ్డగీతలు గీసిన గరుకు సిమెంటు చాలు. మూడు నాలుగు అంగుళాల ఎత్తున్న పాతకాలపు గడపను చిన్న ముందు చక్రాలు ఎక్కలేవు, దానికి రెండు వైపులా వాలు చెక్కలు బిగించండి. ర్యాంప్ ఎక్కేటప్పుడు, దిగేటప్పుడు నిటారుగానే నడపాలి, వాలు మధ్యలో పక్కకు తిప్పకూడదు. కుర్చీ వెనక కూరగాయల సంచీ తగిలిస్తే బరువు వెనక్కి లాగుతుంది. వెనక్కి పడకుండా ఆపే చిన్న చక్రాలు మీ కుర్చీకి ఉన్నాయో లేదో చూడండి, లేకుంటే ర్యాంప్ మీద ఎప్పుడూ ఒకరు వెనక ఉండాలి.

బ్యాటరీని రోజూ రాత్రి కుర్చీతో వచ్చిన చార్జర్‌తోనే, గాలి ఆడే చోట, ఆయన కుర్చీలో లేనప్పుడు చార్జ్ చేయండి. ఉబ్బినా, వేడెక్కినా, ఘాటు వాసన వచ్చినా వెంటనే ఆపి మెకానిక్‌కు చూపించండి. ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర నలభై డిగ్రీలు దాటే ఎండలో వాకిట్లో ఉంచిన కుర్చీ లోహపు భాగాలు కాలిపోతుంటాయి. పక్షవాతం వచ్చిన పక్క స్పర్శ తగ్గి ఉంటే చర్మం బొబ్బలెక్కినా ఆయనకు తెలియదు, కూర్చోబెట్టే ముందు మీ చేత్తో తాకి చూడండి. అరగంటకోసారి బరువును ఒక పక్క నుంచి మరో పక్కకు మార్చమనండి, స్నానం చేయించేటప్పుడు నడుము కింద చర్మం ఎర్రబడిందేమో చూడండి.

ప్రస్తుతానికి ఆయన ఒంటరిగా రోడ్డెక్కకూడదు. కూర్చున్న మనిషి వెనక్కి వస్తున్న లారీ డ్రైవరుకు కనిపించడు, ఎడమ పక్క ధ్యాస లేని మనిషికి ఆ లారీ కూడా కనిపించకపోవచ్చు. మూర్ఛ వచ్చి ఉంటే, లేదా కండరాల బిగుతుకో నిద్రకో వాడే మందుల వల్ల మగతగా ఉంటే, డాక్టరు చెప్పేదాకా ఇంట్లో కూడా నడపనివ్వకండి.

నెగ్లెక్ట్ ఎంత ఉందో లెక్కగట్టి, కుర్చీని ఆయనకు సరిపోయేలా మార్పించడానికి ఫిజికల్ మెడిసిన్ (పునరావాస చికిత్స) వైద్యుణ్ని గానీ, రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టును గానీ ఒక్కసారైనా కలవాలి. మన జిల్లా నుంచి చాలామంది చికిత్సకు వెళ్లే రాయవేలూరు సీఎంసీ (క్రిస్టియన్ మెడికల్ కాలేజీ) ఆసుపత్రిలో ఇందుకు ప్రత్యేక విభాగం ఉంది. 1954లో ప్రమాదంలో వెన్నుపాము దెబ్బతిని, ఆ తర్వాత చక్రాల కుర్చీలోంచే కుష్ఠురోగుల చేతులకు ఆపరేషన్లు చేసిన డాక్టర్ మేరీ వర్గీస్ దాన్ని తీర్చిదిద్దారు. వెళ్లేటప్పుడు ఆయన మెదడు స్కాన్, వాడుతున్న మందుల చీటీలతో పాటు కుర్చీని, చార్జర్‌ను కూడా వెంట తీసుకెళ్లండి. ఆయన అందులో కూర్చుని ద్వారం దాటడం వైద్యుడు కళ్లారా చూస్తేనే జాయ్‌స్టిక్ ఎంత మెత్తగా ఉండాలో, వేగానికి ఎక్కడ హద్దు పెట్టాలో నిర్ణయించగలుగుతారు.