‘యాన్ ఇన్‌ఫేమస్ ఆర్మీ’ మధ్యలో ఆపేసిన మీకు

ఇంగ్లిష్ చారిత్రక ప్రేమకథల రచయిత్రి జార్జెట్ హేయర్ నవల ‘యాన్ ఇన్‌ఫేమస్ ఆర్మీ’ (1937) మొదలుపెట్టి, ఎవరు ఎవరికి ఏమవుతారో అర్థంకాక పక్కన పెట్టేశానన్నారు కదండీ. అందులో పాత నవలల కుటుంబాలు కలుస్తాయి, అందుకే ఆ తికమక. టెన్షన్ పడకుండా కాస్త వెనక్కి వెళ్లండి.

ముందు ‘దీజ్ ఓల్డ్ షేడ్స్’ (1926) చదవండి. పారిస్ వీధిలో రాత్రిపూట, మగపిల్లాడి వేషంలో పారిపోతున్న లియోనీని డ్యూక్ ఆఫ్ ఏవన్ ఒక నగ ఇచ్చి కొనేస్తాడు. అక్కడి నుంచి పుస్తకం వదలబుద్ధి కాదు! తర్వాత వాళ్లబ్బాయి డొమినిక్ కథ ‘డెవిల్స్ కబ్’ (1932). తనను ఎత్తుకొచ్చిన అతన్ని మేరీ అతని పిస్తోలుతోనే కాలుస్తుంది. నాకు హేయర్ నాయికలందరిలో ఆమే ఇష్టం. ఆపైన ‘రీజెన్సీ బక్’ (1935). ఇది కాస్త నెమ్మదిగా నడుస్తుంది, అయినా దాటేయకండి.

ఇప్పుడు మీ పుస్తకం తెరిస్తే, అందులో నాయిక బార్బరా ఆ డొమినిక్, మేరీల మనవరాలు. నాయకుడు చార్లెస్ ఏమో ‘రీజెన్సీ బక్’ నాయకుడు వర్త్‌కి తమ్ముడు. చివర్లో 1815 జూన్ 18 నాటి వాటర్లూ యుద్ధం చాలా వివరంగా ఉంటుంది. ఆ యుద్ధభూమిలోని ఊగోమాన్, లా హే సాంట్ అనే వ్యవసాయ క్షేత్రాలను గుర్తించిన మ్యాప్ ఒకటి పక్కన పెట్టుకుని చదవండి.