ఇసుక దిబ్బల ఫొటోలు
ప్రశ్న: బొమ్మనహాళ్ మండలంలోని దర్గాహొన్నూరు ఇసుక దిబ్బలను మధ్యాహ్నం ఫొటో తీస్తే, మెరిసే ఇసుక మసకగా, చదునుగా వస్తోంది. లోపం కెమెరాదేనా?
– ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: కాదు. ఎదుట ఉన్నదంతా మధ్యస్థమైన వెలుగేనని భావించి కెమెరాలో వెలుగును కొలిచే లైట్ మీటర్ తెల్లని ఇసుకను కూడా మసకబారుస్తుంది గనుక, ఎక్స్‌పోజరును 1 స్టాప్ మేర (అంటే కెమెరాలోకి చేరే వెలుగు రెట్టింపయ్యేలా) పెంచి చూడండి. చదునుదనానికి మాత్రం నడినెత్తి సూర్యుడే కారణం. వేదవతి హగరి నది ఇసుకను గాలి మోసుకొచ్చి పేర్చిన ఆ దిబ్బల మీది సన్నని అలలు, సూర్యోదయమైన తొలి గంటలో, ఏటవాలు వెలుగు పడి ఒక్కొక్క అలకూ నీడ ఏర్పడినప్పుడే చిత్రంలో తెలుస్తాయి. (పొలాలను కప్పేసే ఇసుకను అందమనడం అక్కడి రైతుకు రుచించకపోవచ్చు, అదీ ఒక చిత్రంలో చూపండి.) గాలిలో లెన్స్ మార్చకండి; ఇసుక పడితే గుడ్డతో తుడవక, ముందుగా రబ్బరు బ్లోయరుతో ఊదండి.