గీత ముందా, రంగు ముందా?

ప్రశ్న: తిరుపతిలో చిత్రకళ సాధన చేస్తున్నాను. ఒకరోజు బొగ్గుతో గీసుకుంటాను, మరోరోజు నేరుగా రంగు వేస్తాను. ఒకే పద్ధతికి కట్టుబడాలా?

జవాబు: ఇప్పుడే కట్టుబడకండి. ఒక్కసారి శ్రీకాళహస్తి వెళ్ళి కలంకారీ చిత్రకారుల పని దగ్గరగా చూడండి. కరక్కాయ పొడి, పాలు కలిపిన ద్రావణంలో తడిపి ఆరబెట్టిన బట్టపై చింతబొగ్గుతో ఆకృతిని తేలికగా గీసుకుని, ఆ తరువాతే ఇనుము, బెల్లం నీటిలో పులియబెట్టి తీసిన నలుపుతో గీతను ఖాయం చేస్తారు; ఆ నలుపు కరక్కాయతో కలిసి బట్టను పట్టుకుంటే ఇక చెరగదు కాబట్టి, కలాన్ని పట్టిన చేయి ఎక్కడా తొందరపడదు. అక్కడి క్రమాన్ని నిర్ణయించింది ఆ రంగు స్వభావమే. మీ రంగు దిద్దుబాటును ఎంతవరకు సహిస్తుందో మీరూ గమనించండి. నీటిరంగులైతే ముందుగా గీసుకోవడమే మేలని నా అభిప్రాయం. తైలవర్ణాలైతే నేరుగా మొదలుపెట్టినా గీకివేసి మళ్ళీ వేసుకోవచ్చు.