అమెరికన్ ఫుట్‌బాల్‌లో నాలుగో డౌన్‌లో పంట్ చేయాలా, ముందుకు వెళ్లాలా?

10 గజాలు సాధించడానికి నాలుగు అవకాశాలే (డౌన్‌లు) ఉంటాయి కనుక, నాలుగోదానిలో విఫలమైతే బంతి అక్కడికక్కడే ప్రత్యర్థి పరమవుతుంది. పంట్ చేస్తే, అంటే బంతిని దూరంగా తన్ని ప్రత్యర్థికి వదిలేస్తే, ఆ జట్టు సుమారు 40 గజాలు వెనక నుంచి మొదలుపెట్టాలి. మిగిలిన దూరం, మైదానంలో స్థానం, స్కోరు, సమయం కలిపి తూచాలి. ఒక్క గజమే కావలసినప్పుడు సాధారణంగా ప్రయత్నించడమే మేలు.

2009 నవంబరు 15న ఇండియానాపొలిస్ కోల్ట్స్‌పై 34–28 ఆధిక్యంలో ఉన్న న్యూ ఇంగ్లండ్ పేట్రియట్స్ కోచ్ బిల్ బెలిచిక్, రెండు నిమిషాల పైచిలుకు ఆట మిగిలి ఉండగా, సొంత గోల్ గీతకు 28 గజాల దూరంలోనే, నాలుగో డౌన్‌లో రెండు గజాల కోసం సాహసించారు. అవి దక్కలేదు, జట్టు 35–34తో ఓడింది. విమర్శలు వెల్లువెత్తినా, కోల్ట్స్ దాడిని నడిపే క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ చేతికి బంతి ఇవ్వకూడదన్న ఆయన లెక్క సరైనదనే నా అభిప్రాయం. ఆ రెండు గజాలు వచ్చి ఉంటే ఆట దాదాపు ముగిసేదే.