ఇంట్లో దొరికిన రసవాదం తాటాకులు: నూనె రాసే ముందు ఫొటో, అచ్చుకిచ్చే ముందు అంకెలు

మంథని వైపు పాత ఇంటి అటక మీద తాటాకుల కట్ట, దాంతోపాటు ఒక కాగితపు రాతప్రతి దొరికాయని, వాటిలో పాదరసం శుద్ధి, భస్మాలు, బంగారం చేసే యోగాలు (తయారీ పద్ధతులు) ఉన్నాయని, వీటిని కాపాడి ఇప్పటివాళ్లు చదివే పుస్తకంగా తేవడం ఎట్లా అని అడిగారు. పురాణం ప్రతిలో అక్షరం ఊడిపోతే ఛందస్సును పట్టుకుని పూరించుకోవచ్చు. యోగంలో అట్లా కుదరదు. కొలత పక్కన అడ్డగీత ఒకటి పోతే మోతాదే మారుతుంది, ఆ తప్పును పట్టిచ్చేది ఇంకేదీ ఉండదు. కాబట్టి దులపడం నుంచి అచ్చు దాకా చేసే ప్రతి పనిలో గీత చెరగకుండా చూసుకోవాలి.

ముందు మీ జాగ్రత్త. వైద్యుల ఇళ్లల్లోని ప్రతులకు మందుల్లో వాడే విష ఖనిజాలైన హరితాళం (పసుపు రంగుది), ఇంగిలీకం (పాదరసం ఉన్న ఎర్రది), పాషాణం పొడి అంటుకుని ఉండొచ్చు. పాత కాగితానికి పురుగు పట్టకుండా హరితాళం పూసేవాళ్లు, తప్పు అక్షరాల మీద కూడా దాన్నే పూసి దిద్దేవాళ్లు. అందులో ఆర్సెనిక్ ఉంటుంది. తెల్ల పొడి కనిపిస్తే ఎప్పుడో చల్లిన డీడీటీ లేదా గమాక్సిన్ పురుగుమందు కావచ్చు. నైట్రైల్ గ్లవుజులు, ఎన్‌-95 మాస్కు వేసుకోండి. వేలు తడి చేసుకుని ఆకు తిప్పొద్దు. ఇంట్లో వాడే వాక్యూమ్ క్లీనర్ అసలే వద్దు, అది పొడిని గదంతా చిమ్ముతుంది.

కట్ట విప్పడానికి మన దగ్గర డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మంచి కాలం. మే నెల ఎండల్లో ఆకు పెళుసెక్కి తాడు రంధ్రం దగ్గర చీలుతుంది, వానకాలంలో విప్పి పరిస్తే బూజు పడుతుంది. అతుక్కున్న ఆకులను కత్తితో విడదీయొద్దు. మూత ఉన్న డబ్బాలో అడుగున తడి అద్దుడు కాగితం, దాని పైన జాలీ, జాలీ మీద కట్ట పెట్టండి. తడి ఆకును తాకకూడదు. కొన్ని గంటలకోసారి చూస్తూ, మెత్తబడ్డాక సన్నటి వెదురు పుల్లను ఈనె వెంట జరపండి. ఒక రోజు దాటితే బూజు భయం.

ఇక్కడ చాలామంది మొదట నూనె రాస్తారు. అది రెండో పని. మొదటిది ఫొటో, ఎందుకంటే అక్షరం కనబడేలా గాట్లలో నింపిన పాత మసి తుడుపులో పోతే మళ్లీ రాదు. మెత్తటి కుంచెతో ఈనె వెంట, మధ్య నుంచి బయటికి దులిపి, ఉన్నదున్నట్టు ఫొటో తీయండి. గంటంతో (ఇనుప మొన కలంతో) గీసి మసి పోయిన ఆకులకు రెండు వైపులా లైట్లు పెడితే ఏమీ కనబడదు. ఒకే లైటును ఆకుకు 15-20 డిగ్రీల వాలులో పక్క నుంచి వేయండి, గాట్ల నీడలో అక్షరం లేస్తుంది. అంగుళానికి 400 చుక్కలు కావాలి. 24 మెగాపిక్సెల్ కెమెరా పొడవు వైపు 6000 చుక్కలు ఇస్తుంది కాబట్టి 38 సెంటీమీటర్ల ఆకు ఒకే ఫొటోలో పడుతుంది. అంతకన్నా పొడవైతే కొంత భాగం రెండింటిలోనూ వచ్చేలా రెండు ముక్కలుగా తీయండి. టిఫ్ ఫైలు ఒక్కోటి సుమారు 72 ఎంబీ, 100 ఆకులకు రెండు వైపులా కలిపి 14 జీబీ పైనే. ఫోను స్కానర్ యాప్ వాడొద్దు. పేజీని తెల్లగా చేసే తొందరలో అది సన్న గీతలను మరకలనుకుని తుడిచేస్తుంది. ఫైలు పేరులో కట్టలో ఆకు ఉన్న వరస, ఆకు మీద రాసిన సంఖ్య రెండూ పెట్టండి. తాడు తెగి మళ్లీ కట్టిన కట్టల్లో ఈ రెండూ కలవవు.

తరువాత శుభ్రం. గంటంతో గీసిన ఆకు అయితే ఇథనాల్, శుద్ధ జలం సమానంగా కలిపి, పిండిన దూదితో ఒక మూల పరీక్షించి తుడవండి. కలంతో సిరా రాసిన ఆకుకు, కాగితానికి ఇది పనికిరాదు, రాత కొట్టుకుపోతుంది. ఆరాక సిట్రొనెల్లా నూనె గానీ నిమ్మగడ్డి నూనె గానీ పలుచగా అద్ది, మిగులు తుడిచేయండి. కొబ్బరి, నువ్వుల నూనెలు వద్దు. అవి మక్కి, జిగటై, దుమ్మును పట్టుకుంటాయి. అక్షరం కనబడకపోతే దీపపు మసిని అదే నూనె చుక్కలతో కలిపి రుద్ది, శుభ్రమైన గుడ్డతో తుడిస్తే గాట్లలో మసి నిలుస్తుంది. గీరుకుపోయిన చోట కూడా నిలుస్తుంది, గీతలాగే కనబడుతుంది. మసి పట్టించక ముందు తీసిన ఫొటో అప్పుడే అక్కరకొస్తుంది. పైన కట్టే నూలు గుడ్డను ఉతికి గంజి పూర్తిగా వదిలించండి, గంజి పురుగును పిలుస్తుంది. వస కొమ్ము పొడిని మూటగా కట్టి పక్కన పెట్టి, 4-6 నెలలకోసారి మార్చండి. ప్లాస్టిక్ కవరు వద్దు.

చదివి రాసుకోవడమే అసలు పని. ఇద్దరు విడివిడిగా రాసి, తరువాత పోల్చుకోండి. ప, వ, ష పాత చేతిరాతలో తేలిగ్గా కలిసిపోతాయి. అంకెల్లో ౨, ౩ మధ్య తేడా ఒక్క వంపే. అన్నిటికన్నా మోసం చేసేవి భిన్నాలు. నిలువు గీతలు ౹ కాలు, ౺ అర, ౻ ముక్కాలు. అడ్డగీతలు ౼ వీసం, ౽ పరక, ౾ మూడు వీసాలు. వీసం అంటే 16వ వంతు. ఆకు ఈనె కూడా అడ్డంగానే ఉంటుంది కాబట్టి వీసం గీత ఈనెలో కలిసిపోతుంది. అనుమానం వచ్చిన ప్రతి గీతకూ పక్క లైటు ఫొటో పెద్దది చేసి చూడాల్సిందే. ఈ గుర్తులు 2008లో యూనికోడ్‌లో చేరాయి, టైపు చేయవచ్చు. ప్రెస్సువాళ్లు యూనికోడ్ కాని పాత ‘అను’ ఫాంటులో అడిగితే ఒప్పుకోకండి, మార్పిడిలో ఇట్లాంటివే రాలిపోతాయి.

కొలతలను మూలంలో గ్రాములుగా మార్చొద్దు. పలం అనే తూకం వాడుకలో 3 తులాలు, అంటే దాదాపు 35 గ్రాములు. శాస్త్ర గ్రంథాల లెక్కలో 4 తులాలు, ఇప్పటి ఆయుర్వేద ఫార్మకోపియా దాన్ని 48 గ్రాములుగా తీసుకుంటుంది. మీ ప్రతి ఏ లెక్కలో నడుస్తుందో లోపలి యోగాలను పోల్చి తేల్చేదాకా మూలంలో పలం పలంగానే ఉండాలి, మిగతాది అడుగున వివరణలో. గజపుటం, అంటే గుంటలో పిడకలు పేర్చి మందును కాల్చే పద్ధతి, కూడా అంతే. కింద 1000, పైన 500 పిడకలు అని చెబుతారు గానీ పిడక పరిమాణం ఒక్కటి కాదు కాబట్టి డిగ్రీల్లో రాయడం ఊహే అవుతుంది. నాగం సీసమా, వంగం తగరమా, గగనం అభ్రకమా అన్నది చివర పదకోశంలో తేల్చండి. డోలాయంత్రం (మూటను కుండలో వేలాడదీసి ఉడికించేది), వాలుకాయంత్రం (ఇసుకలో పెట్టి కాచేది) బొమ్మలుంటే గీతలను ఉన్నట్టే తిరిగి గీయించండి, గాజు సామానుగా మార్చి అందం తేవొద్దు.

శ్లోకంలో సందేహం వస్తే అచ్చైన గ్రంథాలతో పోల్చండి. రసరత్నసముచ్చయం చాలా శ్లోకాలను రసార్ణవం నుంచి తీసుకుంది, రసార్ణవాన్ని రసాయన శాస్త్రవేత్త ప్రఫుల్ల చంద్ర రాయ్ తదితరులు 1908-10లో కలకత్తాలో అచ్చువేశారు. కానీ అచ్చు పాఠం నచ్చిందని ఆకు పాఠాన్ని మార్చకండి. అది పాఠాంతరంగా అడుగున ఉండాలి. ప్రతి ఎప్పుడు రాశారో చెప్పే చివరి గద్యలో ఒట్టి సంవత్సరం పేరే ఉంటే కాలం తేలదు, అరవై ఏళ్లకోసారి అదే పేరు తిరిగి వస్తుంది. ప్రభవ 1867లోనూ వచ్చింది, 1927లోనూ వచ్చింది. శక సంవత్సరం ఉందా చూడండి.

రసశాస్త్రం (పాదరసం, ఖనిజాల మందుల శాస్త్రం) తెలిసిన కళ్లు కావాలంటే వరంగల్ అనంతలక్ష్మి ప్రభుత్వ ఆయుర్వేద కళాశాలలో అడగండి. పోల్చడానికి పాత తెలుగు అచ్చు పుస్తకాలు హనుమకొండ రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయంలో వెతకండి, అది 1904 నాటిది. ఇతర ప్రతులకు, మరమ్మతు సలహాకు హైదరాబాద్‌లోని ప్రభుత్వ ప్రాచ్యలిఖిత గ్రంథాలయం.

అచ్చులో రెండు విషయాలు తప్పనిసరి. పారదం, హరితాళం, మణిశిల, రసకర్పూరం, ఇంగిలీకం, తుత్థం ఔషధ నియమాల్లోని ఇ(1) షెడ్యూలులో విషపదార్థాలుగా ఉన్నాయి. ఇవి వచ్చిన ప్రతి యోగం పక్కన గుర్తు వేసి, ఇంట్లో చేయరాదని అదే పేజీలో రాయండి. ముందుమాటలో రాస్తే ఎవరూ చదవరు. రెండోది, 75 ఏళ్లు దాటిన ఇట్లాంటి రాతప్రతి 1972 చట్టం ప్రకారం పురావస్తువు కిందికి వస్తుంది, దేశం దాటించకూడదు. స్కాన్ చేసి పెడతామని ఎవరైనా అసలు ఆకులను బయటికి పంపమంటే ఇవ్వకండి, ఫైళ్లు ఇవ్వండి.